అధికమాసపు గడి

అధికమాసం లెక్కలోకి రాదని నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో అందరి నమ్మకం. ఆ నెలలో ముహూర్తాలు పెట్టరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు. చంద్రుడి నెలలను సూర్యుడి ఏడాదితో సరిపెట్టడానికి పంచాంగకర్తలు మధ్యలో చొప్పించిన నెల కనుక, అది గడిచినా గడవనట్టే భావించాలని పెద్దలు చెబుతారు. పశువులున్న ఇళ్ళలో ఈ నమ్మకానికి ఇంకొక కొస ఉంది. గేదె పది నెలల పది రోజులు మోస్తుంది. మోసే కాలంలో అధికమాసం పడితే దాన్ని విడిచిపెట్టి లెక్కించాలి. అంటే ఆ ఏడు గేదె ఒక నెల ఆలస్యంగా ఈనుతుంది. ఈ మాటను ఎవరూ పరీక్షించి చూడలేదు. ఈనవలసిన తేదీని ముందుగా కాగితం మీద పెట్టే అలవాటు ఎవరికీ లేకపోవడమే అందుకు కారణం.

1988లో జ్యేష్ఠం అధికమాసంగా వచ్చింది. నందిగామ పాల శీతల కేంద్రానికి కంప్యూటరు కూడా ఆ ఏడే వచ్చింది.

జయమణి ఆ కేంద్రంలో గుమస్తా. టైపు పరీక్ష పాసైంది కనుక మిషను ఆమెకు అప్పగించారు. విజయవాడలో కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతికిచ్చి పంపారు. మిషను ఉన్న గదికి కిటికీలు మూయించి, ఏసీ పెట్టించి, గుమ్మం బయట చెప్పులు విడిచే చోటు ఏర్పాటు చేశారు. ప్రారంభం రోజున తెర పైఅంచున మేనేజరు భవానీప్రసాద్ పెట్టిన కుంకుమ బొట్టు ఎండి, పొడిగా రాలుతూ ఉంది. మీటలమీద పడిన పొడిని జయమణి రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేది. బొట్టును మాత్రం ముట్టుకునేది కాదు.

చందర్లపాడు, వత్సవాయి, చిల్లకల్లు పాల సంఘాల్లో చూడి గేదెలన్నిటికీ ఈత తేదీల జాబితా తయారు చేయడం ఆమెకిచ్చిన పని. గేదెను దున్నకు దాటించిన తేదీ ఒక గడిలో వేస్తే, ఈనే తేదీ పక్క గడిలో దానంతట అదే రావాలి. పశువుల డాక్టరు ప్రేమానందం జీపు ఆ జాబితా పట్టుకుని ఊళ్ళు తిరగాలి. కేంద్రానికి డాక్టరు ఒక్కడే, జీపూ ఒక్కటే. జాబితాలో పేరున్న వారం ఆ ఇంటికి వెళ్తారు, లేని వారం వెళ్ళరు.

మొదటి రోజు ఆమె తేదీని తను రోజూ రాసే పద్ధతిలోనే కొట్టింది: 12/5/88. గడిలో 0.027 అని వచ్చింది. చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే వచ్చింది. మిషను పన్నెండుని ఐదుతో భాగించి, వచ్చినదాన్ని ఎనభై ఎనిమిదితో భాగించిందని అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది. మిషనుకు గీత కనపడితే భాగహారమే. మనిషి దాన్ని తేదీగా ఉద్దేశించిన సంగతి దానికి తెలియదు. పుస్తకంలో వెతికితే, ఇది తేదీ అని ముందుగా ప్రకటించి, ఏడాది, నెల, రోజు అన్న వరసలో ఇవ్వాలని ఉంది. అలా ఇచ్చింది. ఈసారి 32275 అని వచ్చింది.

ఆమె మళ్ళీ పుస్తకం తిరగేసింది. తర్వాతి పేజీలో సమాధానం దొరికింది. మిషను లెక్కలో తేదీ అంటే 1900 జనవరి ఒకటి మొదలుకొని రోజులకు వరసగా వేసిన నెంబరు. నెలలూ వారాలూ మనిషి కళ్ళకోసం ఆ నెంబరుకు పైన తొడిగే తొడుగు. తొడుగు వేయమని ఆదేశించగానే అదే గడిలో పన్నెండు మే ఎనభై ఎనిమిది అని కనిపించింది. తీసేయమంటే మళ్ళీ 32275 అయింది. ఆమె నాలుగైదుసార్లు తొడిగి, తీసి చూసింది.

ఆ తర్వాత పని తేలికైంది. రోజులు నెంబర్లయితే వాటిని కూడవచ్చు, తీసివేయవచ్చు. గేదెకు మూడు వందల పది రోజులని డాక్టరు చెప్పారు. ఆ అంకెను పట్టిక నెత్తిన ఒక గడిలో వేసి, దాటిన తేదీకి దాన్ని కలిపే ఫార్ములా మొదటి వరసలో రాసి, కింది వరసలకు కాపీ చేసింది. మొదటి వరస సరిగా వచ్చింది. రెండో వరస నుంచి దాటిన రోజే ఈనే రోజుగా వచ్చింది. ఫార్ములా ఒక మెట్టు దిగినప్పుడల్లా అది చూసే గడి కూడా ఒక మెట్టు దిగి, ఖాళీ గడిని చూస్తోంది. గడి పేరుకు డాలరు గుర్తు తగిలిస్తే మేకు కొట్టినట్టు ఒకచోటే ఉంటుందని మర్నాటికి తెలుసుకుంది. మేకు కొట్టింది. వరసలన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి.

భవానీప్రసాద్ వచ్చి, అచ్చయి వచ్చిన, అంచుల్లో చిల్లులున్న జాబితా కాగితాన్ని పైనుంచి కిందికి చదివాడు. మనిషి చదువుకున్నవాడు, పనిలో నికార్సైనవాడు. పాలలో నీళ్ళు కలిపితే బంధువులనైనా వదలడని పేరుంది.

"అధికం తీసేసావా?" అన్నాడు.

జయమణికి అర్థం కాలేదు. మూడు వందల పది అని డాక్టరుగారు చెప్పారంది.

"మామూలు ఏట మూడొందల పదేనమ్మా. ఈ ఏడు అధిక జ్యేష్ఠం పడింది గదా మధ్యలో. ఆ నెల విడిచిపెట్టాలి. అంటే ముప్ఫై కలపాలి."

"మిషను రోజుల్నే లెక్కేస్తదండి. నెలలు దానికి తెలవ్వు."

"దానికి తెలవకపోతే మనం చెప్పాలి. నీకూ తెలవదులే జయమణీ, మీకు ఏడాదంతా డిసెంబరు కోసం చూడ్డమేగా."

అని నవ్వాడు. తర్వాత, కోపం లేకుండానే, కారణం వివరించాడు. సంఘాల అధ్యక్షులందరూ ఆ లెక్కే చెబుతున్నారు. రైతు నమ్మని జాబితాను గోడకు అంటించడు. అంటించని జాబితాకు ఇంత ఖరీదు మిషను ఎందుకు? జయమణి వెళ్ళి డాక్టరును అడిగింది. ఆయన చేతులకు సబ్బు రుద్దుకుంటూ, గేదె కడుపులో పంచాంగం ఉండదనీ, అయితే జాబితా ఆఫీసుదనీ, ఇచ్చిన తేదీకి వెళ్ళడం తన పని అనీ అన్నారు.

ఆమె పట్టిక నెత్తిన ఇంకొక గడి తెరిచి అందులో ముప్ఫై వేసింది. ఫార్ములా మార్చింది: గేదె అధికమాసానికి ముందు దాటి, ఆ మాసం వెళ్ళాక ఈనవలసి ఉంటే ముప్ఫై కలుపు, లేకపోతే సున్నా కలుపు. నమ్మకం ఫార్ములాగా మారడానికి పావుగంట పట్టింది. చందర్లపాడు సంఘానికి మంచి జాతి దున్న అందరికంటే ముందు వచ్చింది కనుక జాబితాలో మొదటి వరసలు ఆ ఊరివే. జూలైలో ఉన్న తేదీలన్నీ ఆగస్టుకు జరిగాయి.

జాబితా గోడకెక్కిన వారంలోనే చందర్లపాడు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు బస్సు దిగి కేంద్రానికి వచ్చారు. ఒకామె హుస్సేన్‌బీ, రెండో ఆమె రాఘవమ్మ. ఇళ్ళు పక్కపక్కనే, రెండు కొట్టాలకూ మధ్య గోడ ఒకటే. పని హుస్సేన్‌బీది. రాఘవమ్మ తోడొచ్చింది, పనిలో పనిగా బజార్లో గాజులు వేయించుకోవాలని.

హుస్సేన్‌బీ గుమ్మం బయటే నిలబడి చెప్పింది. తన గేదెకు పొదుగు దిగింది. కాగితంలో ఆగస్టు పదో తేదీ అని ఉందంట. అప్పటిదాకా ఆగేట్టు లేదు. పోయిన ఈతలో దూడ అడ్డం తిరిగి చచ్చిపోయింది, గేదె కూడా చావు తప్పి బయటపడింది. ఈసారి డాక్టరుగారు పక్కన ఉంటేగాని తనకు ధైర్యం లేదు. ఉన్నది ఆ గేదె ఒక్కటే.

దాటిన రోజు ఖాయమేనా అని భవానీప్రసాద్ అడిగాడు. ఖాయమేనంది. పోయిన మొహర్రానికి పీర్లు గుండంలో దిగిన రోజు. మగవాళ్ళంతా పీర్ల వెంట పోతే, ఎదకొచ్చిన గేదెల్ని తామిద్దరే తోలుకుపోయారు. రాఘవమ్మ తల ఊపింది. జయమణి వరస వెతికింది. సెప్టెంబరు ఐదు. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"మరి సరిగ్గానే ఉంది గదమ్మా. మధ్యలో అధికమాసం పోయిందిగా," అన్నాడు భవానీప్రసాద్.

హుస్సేన్‌బీ పైటకొంగు సర్దుకుంది.

"మాకు అధికమాసం లేదండి. మా నెల చంద్రుడు కనపడితే మొదలు, మళ్ళా కనపడితే ఆఖరు. మధ్యలో ఊరికే వచ్చే నెల మాకెక్కడిదండి?"

"నీకు లేకపోతే లేదు. గేదెక్కూడా నమాజు నేర్పావా ఏంటి?"

"అదేంటండీ బాబుగారూ. నాది మట్టుకు సాయిబుల గేదె కాదా?"

రాఘవమ్మ ముందుగా నవ్వింది. భవానీప్రసాద్ కూడా నవ్వాడు. నవ్వు ఆగాక ఏదో ఆలోచించినట్టు కాగితం వైపు చూశాడు. ఆమె మాటలో న్యాయం ఉందన్నాడు. పాటించని ఇంటికి ఆ లెక్క రుద్దడం సబబు కాదు. హుస్సేన్‌బీకి ముప్ఫై తీసేయమని జయమణికి చెప్పాడు.

ఒక్కరికే తీస్తే ఫార్ములా చెదురుతుందని జయమణి చెప్పింది. తీయాలంటే కారణం గడిలో ఉండాలి. మిషనుకు నియమం కావాలి, అది అన్ని వరసలకూ ఒకటే కావాలి.

"అయితే యజమాని మతానికి ఒక నిలువు వరస పెట్టు. హిందువుకి హెచ్, ముస్లిముకి ఎమ్. ఎమ్ ఉంటే సున్నా."

జయమణి ఎగతాళి చేయడం లేదు. రాయబోయే ముందు అన్ని సందర్భాలూ తెలుసుకోవాలని శిక్షణలో చెప్పారు, అందుకే అడిగింది.

"మా క్రైస్తవుల గేదెలకండీ?"

భవానీప్రసాద్ కొంచెం తటపటాయించాడు. "మీవాళ్ళూ పెళ్ళికి ముహూర్తం చూస్తారుగా. కలుపు."

"చూడితో ఉన్న గేదెను హిందువులు ముస్లిములకి అమ్మితేనండీ?"

"ఈనేటప్పుడు ఎవరి కొట్టంలో ఉంటే వాళ్ళ లెక్క."

జయమణి ఆ మాట రాసుకుంది. తర్వాత రాఘవమ్మ వైపు తిరిగి, ఇద్దరి గేదెలూ ఒకేరోజు, ఒకే దున్నకు దాటాయి కనుక ఆమెకూ జూలై పదకొండే వేయమంటారా అని అడిగింది. రాఘవమ్మ ముఖంలో నవ్వు తగ్గింది.

"మా ఇంట్లో అధికమాసాన్ని లెక్కలో వెయ్యరమ్మా. మా అత్తగారు వెయ్యలేదు, మా అమ్మ వెయ్యలేదు. ఎవరి లెక్క వాళ్ళది. నాకు ఆగస్టే ఉండనీ."

కొత్త జాబితా ఆ సాయంత్రమే అచ్చయింది. పైవరస: హుస్సేన్‌బీ, సెప్టెంబరు ఐదు, ఎమ్, జూలై పదకొండు. కిందివరస: రాఘవమ్మ, సెప్టెంబరు ఐదు, హెచ్, ఆగస్టు పది. హుస్సేన్‌బీ భవానీప్రసాద్‌కు రెండు చేతులా నమస్కారం పెట్టింది. ఇద్దరూ బజారుకు నడిచారు.

ఆదివారం చర్చి వదిలాక జయమణి ఇంటికి పోలేదు. చందర్లపాడు బస్సెక్కింది. ఎందుకు వెళ్తున్నదీ తల్లికి చెప్పలేదు. ఆఫీసు పని అని మాత్రం అంది. దారి పొడవునా పత్తి చేలల్లో అప్పుడే గింజలు పెడుతున్నారు.

హుస్సేన్‌బీ ఆమెను చూసి కంగారుపడి నులకమంచం వాల్చింది. జయమణి కూర్చోలేదు, గేదెను చూస్తానంది. కొట్టంలో ఎండుగడ్డి కొత్తగా పరిచి ఉంది. గేదె పొదుగు నిగనిగలాడుతూ బిగిసి ఉంది. తోక మొదట్లో రెండు పక్కలా ఎముకలు జారి గుంటలు పడ్డాయి. ఈ గుంటల్లో చెయ్యి దిగితే ఇంక వారం లోపేనని హుస్సేన్‌బీ చెప్పి, అరచెయ్యి పెట్టి చూపించింది. నాలుగు వేళ్ళూ మునిగాయి.

జయమణి గోడ చుట్టూ తిరిగి పక్క కొట్టంలోకి వెళ్ళింది. రాఘవమ్మ కుడితి కలుపుతోంది. చేతులు మోచేతుల దాకా తౌడులో ఉన్నాయి. జయమణి అనుమతి అడిగి, గేదె వెనక నిలబడి, తను ఇందాక చూసినట్టే అరచెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళూ మునిగాయి.

"గుంటలు పడ్డాయండి," అంది.

"పడతాయి మరి. పత్తిగింజలు పెడుతున్నాగా, దిట్టంగా ఉంది. ముందే దిగింది పొదుగు."

"ఆవిడ గేదెకీ ఇట్టాగే ఉందండి."

"దానికి రేపో మాపో. దీనికింకా నెలుంది."

జయమణి తనకు తెలిసినదంతా ఒక వరసలో చెప్పింది. మిషను రోజులకు నెంబర్లు వేస్తుందనీ, అధికమాసం రోజులకు కూడా అది నెంబర్లు వేసిందనీ, ఆ ముప్ఫై రోజులూ గేదె నిద్రపోలేదనీ, మేత మేసిందనీ, కడుపులో దూడ కూడా పెరిగే ఉంటుందనీ అంది. రాఘవమ్మ కుడితి కలపడం ఆపలేదు.

"నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మాయ్. మరి మీ కాగితంలో ఆగస్టని ఎందుకేశారు?"

"మేనేజరుగారు ఆ లెక్క కలపమన్నారండి."

"ఆయన తెలవకుండా చెబుతాడా?"

చివరకు ఒక్కమాటకు ఒప్పుకుంది. సోమవారం డాక్టరు పక్కింటికి ఎలాగూ వస్తాడు కనుక తన గేదెను కూడా ఒకసారి చూడనిస్తానంది. జయమణి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది.

సోమవారం డాక్టరు వెళ్ళారు. కేంద్రానికి తిరిగొచ్చాక బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ జరిగింది చెప్పారు. హుస్సేన్‌బీ గేదె బాగుంది, దూడ తల ముందుకే ఉంది, ఇవాళో రేపో ఈనుతుంది. ఊళ్ళోనే ఉండిపొమ్మని ఆమె బతిమాలితే, మర్నాడు కూడా వస్తానని మాటిచ్చారు. రాఘవమ్మ గేదె దగ్గరకు కూడా పోయారు. లోపల చెయ్యి పెట్టి చూడాలనేసరికి ఆమె అడ్డుపడింది.

"నెల తక్కువ చూడిలో చెయ్యి పెడితే ఈసుకుపోద్దంట, కడుపు పోద్దంట," అన్నారు డాక్టరు. "నెల తక్కువేం కాదమ్మా అన్నాను. గోడమీద కాగితం చూపించింది. మన కాగితమే. నేనేమనను?"

అంతే చెప్పి ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, తర్వాతి ఊరి పేరు కోసం జాబితా మడత విప్పారు.

ఆ మధ్యాహ్నం ఆమె భవానీప్రసాద్ దగ్గరకు వెళ్ళి, రాఘవమ్మ వరసలో హెచ్ తీసి ఎమ్ వేయడానికి అనుమతి అడిగింది. అబద్ధం రాస్తావా అని ఆయన ఆశ్చర్యపోయాడు. రికార్డులో అబద్ధం ఉండకూడదన్నాడు. ఆమె పోనీ ఆ ముప్ఫై మొత్తానికే తీసేద్దామంది. మూడు సంఘాల గోడలమీద ఉన్న కాగితాన్ని రెండోసారి మారిస్తే మూడోది ఎవరూ చదవరని ఆయన జవాబు. అది నిజమేనని ఆమెకు కూడా తోచింది.

మంగళవారం మధ్యాహ్నం హుస్సేన్‌బీ గేదె పెయ్యదూడను ఈనింది. డాక్టరు పక్కనే ఉన్నారు. ఆయన చెయ్యి వేయవలసిన అవసరం రాలేదు.

బుధవారం పాల వ్యాను తొమ్మిదింటికి వచ్చింది. క్యాన్లు దించుతూనే డ్రైవరు జాన్‌బాషా కంప్యూటరు గది గుమ్మం దగ్గరకు వచ్చి, చెప్పులు విడవకుండా బయటనుంచే చెప్పాడు. రాఘవమ్మ గేదె తెల్లవారుజామునుంచి నొప్పులు పడుతోంది. ఉమ్మనీరు పోయింది, దూడ కాలు ఒక్కటే కనపడుతోంది. ఆమె ఎవరికీ చెప్పొద్దంది, ఈసుకుపోతోందని తలుపేసుకుని కూర్చుంది. హుస్సేన్‌బీయే వ్యానుకు అడ్డం నిలబడి కబురు చెప్పి పంపింది.

జీపు జాబితా ప్రకారం వత్సవాయి పోయింది. జయమణి ఫోను ఎత్తి వత్సవాయి సంఘానికి కాల్ బుక్ చేసింది. లైను దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక, డాక్టరు పొలాల్లో ఎవరి కొట్టానికో వెళ్ళారన్నారు. మనిషిని పంపి పిలిపించమని చెప్పి, ఫోను పెట్టకుండా చెవికి ఆనించుకునే కూర్చుంది. ఎక్స్చేంజి వాళ్ళు లైను తీసేశారు. ఆమె మళ్ళీ బుక్ చేసింది.

డాక్టరు చందర్లపాడు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దూడ మెడ పక్కకు మడతపడి ఉంది. ఆయన మెడ సరిచేసి, తాడు కట్టి లాగారు. దూడ చనిపోయి చాలాసేపయింది. గేదె బతికింది.

ఆ సాయంత్రం ఆయన బావి దగ్గర ఎప్పటికంటే ఎక్కువసేపు చేతులు కడుక్కున్నారు. జయమణి పక్కన నిలబడి, దూడ ఎలా ఉందని అడిగింది. ఒళ్ళంతా వెంట్రుకలున్నాయని, ముందు పళ్ళు వచ్చాయని, గిట్టలు గట్టిపడ్డాయని ఆయన చెప్పారు.

"నిండిన దూడేనమ్మా. పొద్దున ఏడింటికి నేనుంటే బతికేది."

మూడు రోజుల తర్వాత రాఘవమ్మ ఒక్కతే నందిగామ వచ్చింది. భవానీప్రసాద్ లేడు. ఆమె గుమ్మం బయట చెప్పులు విడిచి, మిషను గదిలోకి వచ్చి, తెరను కాసేపు చూసింది. జయమణి లేచి కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు.

"డాక్టరుగారు నిండిన దూడ అన్నాడంట. హుస్సేన్‌బీ చెప్పింది. నిజమేనా?"

"నిజమేనండి."

రాఘవమ్మ చీర కుచ్చెళ్ళకు అంటుకున్న గడ్డిపోచను తీసి, పారేయడానికి చోటు కోసం చూసి, చేతిలోనే ఉంచుకుంది.

"ఆదివారం నువ్వు చెప్పావు. చెప్పలేదని అనను. నీ నోరు ఒకటి చెప్పింది, కాగితం ఒకటి చెప్పింది. ఆ కాగితం ఎవరు చేశారమ్మా?"

"నేనేనండి."

రాఘవమ్మ బయటకు వెళ్ళి చెప్పులు తొడుక్కుంది. జయమణి గుమ్మం దాకా వచ్చింది. బస్టాండు వైపు తిరిగేటప్పుడు రాఘవమ్మ వెనక్కి చూసి, గేదె మేత ముట్టుకోవడంలేదనీ, డాక్టరుకు ఒకమాట చెప్పమనీ అంది. చెబుతానంది జయమణి. ఆ సాయంత్రం చెప్పింది. ఆయన జాబితా చూడకుండానే వెళ్ళారు.

నెలాఖరున విజయవాడ నుంచి ఆదేశం వచ్చింది. ప్రతి గేదెకూ అసలు ఈనిన తేదీ వేయాలి. గడువుకూ దానికీ ఇరవై రోజులు మించి తేడా ఉంటే కారణం వేయాలి. కారణాన్ని చేత్తో రాయనక్కర్లేకుండా ఫార్ములా పెట్టించాడు భవానీప్రసాద్. ఇరవై రోజులకు మించి ముందు ఈనితే ప్రీమెచ్యూర్, అంటే నెలలు నిండని ఈత అని దానంతట అదే పడుతుంది. జయమణి రాఘవమ్మ వరసలో జూలై పదమూడు వేసింది. పక్క గడిలో ఇరవై ఎనిమిది అని, ఆ పక్కన ప్రీమెచ్యూర్ అని పడ్డాయి. ఆమె ఆ గడిలో ఫార్ములా చెరిపి, డాక్టరు చెప్పినట్టు నెలలు నిండిన దూడేనని కొట్టింది. అచ్చు తీసేముందు భవానీప్రసాద్ వరసలు సరిచూస్తూ, ఒక్క గడి మాత్రం తేడాగా ఉందని గమనించి, పై గడినుంచి ఫార్ములా కాపీ చేయించాడు. మళ్ళీ ప్రీమెచ్యూర్ అని పడింది.

డిసెంబరులో కేంద్రం వార్షిక నివేదిక తయారైంది. భవానీప్రసాద్ చెప్పగా జయమణి టైపు చేసింది. ఈతల విభాగంలో మూడు వాక్యాలున్నాయి. ఈ సంవత్సరం అధికమాసం కారణంగా హిందూ, క్రైస్తవ రైతుల గేదెలు సుమారు ఒక నెల ముందుగా ఈనాయి. ముస్లిం రైతుల గేదెలు సకాలంలో ఈనాయి. చందర్లపాడులో ఒక దూడ నెలలు నిండనందున మరణించింది.